తీతువు గుడ్ల పక్కన ఎర్రగుడ్డ

మేము పాతిన కర్రను ఒకావిడ రెండు చేతులతో పెరికి గడ్డిలో పడేసింది. దానికి కట్టిన ఎర్రగుడ్డను విప్పి గుప్పిట్లో పెట్టుకుని మా వైపు తిరిగింది.

"ఏవండీ, ఏ ఆఫీసండీ మీది?"

మాది ఏ ఆఫీసూ కాదు. ఆదివారం పిట్టల్ని చూడటానికి ఏలూరు నుంచి వచ్చిన ఆరుగురం. కొల్లేరు సరస్సును ఆక్రమించాయని ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది, ఉగాదికి ముందు. నీరు తగ్గిన చోటల్లా మోకాలెత్తు గడ్డి మొలిచింది. ఆ బయలుకు ఏ పిట్టలు చేరాయో చూద్దామని, రిటైరైన జువాలజీ మాస్టారు మమ్మల్ని వెంటబెట్టుకొచ్చారు. నేను పేపర్లో పనిచేసేవాణ్ణి.

గడ్డి పలచబడిన చోట ఒక తీతువు మా తలల మీదుగా అరుస్తూ తిరిగింది. అంత గోల చేస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టన్నారు మాస్టారు. పావుగంట వెతికితే, గేదె అడుగు పడి ఎండిన గుంటలో నాలుగు కనిపించాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు. చూపు తిప్పితే మళ్లీ దొరకవు. అవతల గేదెలు మేస్తున్నాయి. తొక్కేస్తాయేమోనని మాస్టారు పక్కన కర్ర పాతి, సంచీలోని ఎర్రగుడ్డ కట్టారు.

"పిట్టకి పట్టా ఇప్పించేశారండి మాస్టారు," అన్నాడు మాలోని బ్యాంకు ఉద్యోగి. నవ్వుకున్నాం.

ఆ గేదెలు ఆవిడవే.

"కిందటేడు ఇలాంటి జెండా కర్రలే పాతారండి. వారం తిరక్కుండా మా గట్టు పోయింది. మాకు మిగిలిన ఈ ఎకరం కూడా సరస్సులోదే అంటే గేదెల్నెక్కడ మేపుకోనండి?"

మాస్టారు గుడ్లు చూపించారు. ఆవిడ వంగి చూసింది.

"దీనికా అండీ? గేదె తొక్కదు. దగ్గరకొస్తే ఈ పిట్ట రెక్కలు విప్పి మొహానికెదురు నిలబడుద్ది. గేదే పక్కకి పోద్ది. మీ కర్ర మీదైతే కాకొచ్చి వాలుద్ది."

నిజమేనా చూద్దామని దూరంగా కూర్చున్నాం. అరగంటకు ఒక గేదె మేస్తూ అటు వచ్చింది. గుడ్ల మీదికి తిరిగొచ్చిన తీతువు కదల్లేదు, రెక్కలు బార్లా చాపింది. గేదె ఒకసారి బుస్సుమని, పక్కకు తిరిగి మేతలో పడింది. మాస్టారు నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.

నాది పేపరని తెలిశాక ఆవిడ అడిగింది. "సరస్సు హద్దు ఎక్కడిదాకానో మీరైనా కనుక్కుంటారా అండీ?"

కనుక్కుంటానన్నాను. ఆఫీసుల్లో నాకు చూపించిన రెండు మ్యాపుల్లో ఒకదాంట్లో ఆ ఎకరం సరస్సు లోపల ఉంది, రెండోదాంట్లో బయట ఉంది. ఆ సంగతే వెళ్లి ఆవిడకు చెప్పాను. నేను బదిలీ మీద ఏలూరు వదిలే నాటికి అక్కడ హద్దురాయి పడలేదు.