తలుపు లేని వైన్ గది

అరవై నిండాక గడియారాల బాబాయికి చేతులు వణకడం మొదలైంది. ఆవగింజంత మరలు పట్టుకోలేక రిపేరు కొట్టు మూసేసి, సందులోని పందిరికి విరగకాసే ద్రాక్షతో వైన్ చేసి అమ్ముదామనుకున్నాడు. వీధిలో కొందరు గుట్టుచప్పుడు కాకుండా చేసుకుంటూనే ఉన్నారు. కానీ బాబాయిది సెకను ముల్లు తేడా వచ్చినా నిద్రపట్టని స్వభావం. లైసెన్సు లేకుండా ఒక్క పండు కూడా పిసకనని భీష్మించుకు కూర్చున్నాడు.

లైసెన్సు ఒకటి కాదు, రెండట. చెయ్యడానికొకటి, అమ్మడానికొకటి. చేసే గదికీ అమ్మే గదికీ మధ్య దారి ఉండకూడదట. ఆ మాట చదవగానే మేస్త్రిని పిలిపించి, ఖాళీ పీపాలున్న వెనక గదికి ఉన్న ఒక్క తలుపూ పీకించి గోడ కట్టమన్నాడు. మేస్త్రి ముందు గదిలోంచి ఇటుకలు పేరుస్తుంటే, తాను లోపల నిలబడి "వెంట్రుకవాసి ఇటు జరుపు" అంటూ ప్రాణం తీశాడు. గోడ పూర్తయింది. మేస్త్రి చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. టీ తాగుదామని వెనక్కి తిరిగిన బాబాయికి నాలుగు వైపులా గోడలే కనిపించాయి. సందువైపు చువ్వల కిటికీ మాత్రం ఉంది.

బజారు నుంచి వచ్చిన పిన్ని, కిటికీలో మొగుడి మొహం చూసి సంచి జారవిడిచింది.

"అందులో ఏం చేస్తున్నారండీ?"

"రూలు పాటిస్తున్నానే!"

గ్లాసు చువ్వల మధ్య పట్టలేదు. పాపం, వైన్ కోసం కొన్న గొట్టంతోనే టీ తాగించింది.

అంతలో లైసెన్సు తనిఖీకి ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు. గోడంతా తడిమి చూసి మురిసిపోయాడు.

"దారి లేదు. భేష్! ఇంత నిక్కచ్చి మనిషిని నా సర్వీసులో చూళ్లేదు. ఎక్కడమ్మా ఆయన?"

"గోడవతల," అంది పిన్ని.

ఇద్దరూ సందులోకి వచ్చేసరికి, బాబాయి చువ్వల్లోంచి ఒక చెయ్యి బయటపెట్టి సగం నమస్కారం చేశాడు.

"మరి పీపాలు నేనెలా చూడాలండీ?"

"నేను బయటికొచ్చే దారేదో చెప్పండి సార్, మీరు అందులోంచే లోపలికి రావచ్చు."

ఇన్‌స్పెక్టరు రూల్సు పుస్తకమంతా తిరగేశాడు. మనిషి బయటికి రాకూడదని ఎక్కడా లేదు. మళ్లీ మేస్త్రి వచ్చాడు. కిటికీ గుమ్మమైంది.

చేసే లైసెన్సు బాబాయి పేరున, అమ్మేది పిన్ని పేరున వచ్చాయి. ఇప్పుడాయన సీసాలు నింపుకుని, సందు తిరిగి, వీధి చుట్టి ముందు గుమ్మానికొస్తాడు. భోజనానికీ అదే దారి. వానొస్తే గొడుగు.

"ఎందుకు పిన్నీ ఈ అవస్థ?" అని పక్కింటావిడ జాలిపడింది.

"అవస్థేమిటే! పెళ్లయిన నలభై ఏళ్లకి, మీ బాబాయి మొదటిసారి గుమ్మంలో నిలబడి 'లోపలికి రావచ్చా?' అని అడుగుతున్నారు."