కోటు లోపలి కాగితం

ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. అందుకే తెలిసినవాళ్లు ఉక్కుసూది అనేవారు. దేశం మారినా ఆ పేరు వెంటే వచ్చింది, మోసుకొచ్చినవాడు మొగుడే.

కోట్ల కార్ఖానా మేస్త్రి వారం రోజులు ఆమె పని చూశాడు. "పనికి వంక లేదమ్మా. కానీ పనివాళ్లకి సర్కారు ఇచ్చే నంబరు లేనివాళ్లని రిజిస్టరులోకి ఎక్కించకూడదు. నంబరుకు దరఖాస్తు పెట్టిన రసీదు సాయంత్రంలోగా తీసుకురా. లేకపోతే రేపు ఆ మిషను ఇంకొకరిది."

మొగుడూ పెళ్లాలు ఆ నంబర్లిచ్చే ఆఫీసుకు పరుగెత్తారు. గుమ్మంలో కాపలావాడు సంచి వెతికి కత్తెర తీసి పక్కన పెట్టాడు. వరుసలో రెండు గంటలు కూర్చున్నాక గుమాస్తా ఫారం చూసి, "ఈ దేశంలో ఉండడానికి, పని చెయ్యడానికి అనుమతిచ్చిన కాగితం ఏదమ్మా?" అన్నాడు.

ఆమె జిరాక్సు ముందుకు తోసింది.

"ఇది కాదు, అసలుది."

"అసలుది ఇక్కడే ఉంది బాబూ" అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మనసులో ఉంటే నాకు కనబడదు."

"మనసులో కాదు, కోటులో. ఎక్కడ పోతుందోనని లైనింగు లోపల పెట్టి కుట్టేశాను. మూడు వరసలు."

"మూడా?" మొగుడు నోరెళ్లబెట్టాడు. "ఇంటికి మాత్రం తాళం వెయ్యడం మర్చిపోతావు."

"ఇంట్లో ఏముందండీ పోవడానికి?"

గుమాస్తా గడియారం చూశాడు. "పావుగంటలో కిటికీ మూసేస్తాను."

కత్తెర కోసం బయటికి వెళ్తే మళ్లీ వరుస చివరికే. కోటు విప్పి గోటితో లాగింది, పంటితో కొరికింది. తన కుట్టు తనకే లొంగలేదు.

"ఇదొక్కటైనా కాస్త వదులుగా కుట్టి ఉండొచ్చుగా" అన్నాడు మొగుడు.

"నాకు వదులుగా కుట్టడం రాదండీ."

వెనకనున్న ముసలావిడ పిన్నీసు అందించింది. "కుట్టుతో కుస్తీ దేనికే తల్లీ, గుడ్డ చించెయ్."

నిక్షేపంలాంటి గుడ్డను చేతులారా చించడం సూది పట్టాక ఇదే మొదలు. పిన్నీసు గుచ్చి, కళ్లు మూసుకుని బర్రున లాగింది. నాలుగు మడతల కాగితం బల్లమీద పడింది.

గుమాస్తా దాన్ని వెలుతురుకెత్తి చూశాడు, కంప్యూటరులో ఏదో కొట్టాడు, కాసేపు తెరకేసి చూస్తూ ఉండిపోయాడు.

"సరిపోయింది. నంబరు పోస్టులో వస్తుంది. ఇదిగో రసీదు. దీన్ని మాత్రం కుట్టకమ్మా."

సాయంత్రం మేస్త్రి రసీదు తీసుకుని, వేలాడుతున్న లైనింగును ఎగాదిగా చూశాడు. "ఇంత ఘోరంగా చించిందెవరు?"

"నేనేనండీ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు" అని తన మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది.