దువ్వూరు జాతరకు టేపురికార్డరుతో

ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. పక్క సీటు నా టేపురికార్డరుది. ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కేంత బరువు. కండక్టరు దానికీ అర టికెట్టు కొట్టాడు. "పిల్లోని కింద రాసినాలేప్పా" అన్నాడు.

దువ్వూరు దగ్గరి ఒక పల్లెలో ఆ రోజు జాతర. అక్కడ అమ్మవారి ముందు తొలి తప్పెట కొట్టే హక్కు తరతరాలుగా ఓబులేసు ఇంటిది. నా మూలంగా అది ఊడిపోయేలా ఉంది. అందుకే ఈ ప్రయాణం.

కొన్నేళ్ల కిందట కొండారెడ్డి బురుజు దగ్గర ఒక్క గదిలో 'బురుజు ఆడియో' అనే క్యాసెట్ల కంపెనీ నడిపాను. యజమానినీ, ఇంజనీరునీ, అట్టపెట్టెలు మోసేవాణ్ణీ నేనే. ఒక మిషను మీద ఓబులేసు తప్పెట రికార్డు చేసి, రెండో మిషనులో వేసి వినిపించాను. టేపు పరుగు లంకించుకుంది. అంతకుముందు ఆ మిషను మోటారు కాలిపోతే మిక్సీలు బాగుచేసేవాడు మరేదో మోటారు బిగించి ఇచ్చాడు. ఓబులేసు పడీపడీ నవ్వి, ఆ పరుగు మీదే తీరిగ్గా ఉరుము వాయించాడు. పుల్లతో చర్మాన్ని రుద్దితే మబ్బు మూలిగినట్టు పలికే వాద్యం అది. పైన తప్పెట పరుగు, కింద ఉరుము నడక. రెండూ కలిపి క్యాసెట్టు వేశాను.

పెళ్లిళ్లలో అదే, పీర్ల పండగలో అదే, ఆటోల్లో అదే. బెంగళూరులో ఉండే నా మేనల్లుడు విని, "మామా, ఇట్లాంటి సంగీతాన్నే ఇంగ్లండోళ్లు డ్రమ్ అండ్ బేస్ అంటారు!" అని ఎగిరాడు. ఆ మాట నా తలకెక్కింది. తర్వాత వేసిన క్యాసెట్ల అట్టల మీద 'మిషను మాయ లేదు, అంతా చేతులే' అని అచ్చు వేయించాను.

ఆ అచ్చు చూసి ప్రొద్దుటూరు కుర్రాళ్లు నలుగురు తలో దెబ్బా పంచుకుని మరీ ఆ వేగం అందుకున్నారు. ఓబులేసు ఒక్కడు. ఎలా అందుకుంటాడు? ఈసారి క్యాసెట్టులాగా కొట్టకపోతే తొలి తప్పెట ప్రొద్దుటూరోళ్లకే అని ఊళ్లో తేల్చేశారు.

బస్సులో మహానందికి పోతున్న ఒకామె దుప్పట్లో చుట్టిన నా మూట వైపు దండం పెట్టబోయింది. "ఏ దేవునిదప్పా పటం?"

"టేపురికార్డరు తల్లీ. దువ్వూరు కాడికి సాక్ష్యానికి పోతాంది."

"కోర్టు కర్నూల్లోనే ఉండాది గదప్పా!" అని జాలిపడి నంద్యాలలో దిగిపోయింది. ఆళ్లగడ్డలో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అహోబిలం పోయేవాళ్లంతా అక్కడే దిగారు. దువ్వూరు నుంచి ఆటోలో పల్లె చేరేసరికి పన్నెండైంది.

ఓబులేసు గడ్డిమంట మీద తప్పెట కాచుకుంటున్నాడు. "వచ్చినావా రమణప్పా? నన్ను గాల్చేదానికి ఇంకో మిషను తెచ్చినావా?" అన్నాడు.

చావిడిలో, జాతర జరిపించే పెద్దరెడ్డి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఒకే టేపును ఊళ్లోని మంచి మిషనులో ఒకసారి, మోటారు మార్చిన నా మిషనులో ఒకసారి వినిపించాను. పెద్దరెడ్డి మీసం దువ్వుకున్నాడు.

"అంటే ఇంత బిరీన కొట్టేది ఓబులేసు గాదు, ఈ పెట్టె."

"అవునండీ."

"అట్లయితే తొలి తప్పెట ఈ పెట్టెకే! ప్రొద్దుటూరోళ్లకైతే నలుగురికి సంకటి పెట్టాల. దీనికి కరెంటు పెడితే సాలు."

అందరూ భేష్ అన్నారు. ఎవరో వచ్చి నా మిషనుకు పసుపు పూసి బొట్టు పెట్టారు. "శానా బాగా చెప్పినావప్పా సాక్ష్యం" అని ఓబులేసు తప్పెట చంకన పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నాలుగింటికి గుడి ముందు మైకుసెట్టులో నా మిషను తప్పెట మోగింది. అమ్మవారు పూనేది లక్షుమమ్మకు. అరవై దాటిన మనిషి. తప్పెటకు తగ్గట్టు అడుగు వేయడం ఆమె వంతు. మొదటి చుట్టు పరుగెత్తింది. రెండో చుట్టులో వేపమండలు జారిపోయాయి. మూడో చుట్టు సగంలో నడుం పట్టుకుని ఆగి, కళ్లెర్రజేసి గుడి అదిరేలా అరిచింది.

"ఎవుర్రా నన్ను ఉరికిస్తాండేది? నేనేమన్నా పులివెందుల బస్సు అందుకునేదానికి పోతాండానా?"

పెద్దరెడ్డి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తల్లీ! ఏం జేయమంటావు?"

"ఓబులేసు యాడ? వాడు కొడితేనే వస్తా. ఈ పెట్టెకు రాను!"

పెద్దరెడ్డే పరుగున పోయి వైరు పీకేశాడు. ఓబులేసు లేచి, నింపాదిగా ఒక్కో దెబ్బా వేశాడు. లక్షుమమ్మ అడుగు అందులో కుదురుకుంది. అప్పుడు విన్నాను, దెబ్బకూ దెబ్బకూ మధ్య అతను వదిలే జాగాను. నా మిషను మింగేసింది దాన్నే.

సాయంత్రం ఓబులేసు రోడ్డు దాకా వచ్చాడు. క్షమించమన్నాను.

"నువ్వు చెప్పినదానికి ఉన్నది గూడా పోయిండె గదప్పా! లక్షుమమ్మ మోకాళ్ల నొప్పులు నన్ను గెలిపించినాయి" అని నవ్వి, నన్ను బస్సు ఎక్కించాడు.

కర్నూలు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మబ్బు పట్టినా వాన రాలేదు. వచ్చే జాతరకు ఎవరైనా వెళ్తే మధ్యాహ్నంలోపే దువ్వూరు చేరండి, తర్వాత ఆటోలు దొరకవు. తొలి తప్పెటను దగ్గర నిలబడి వినండి. మీ ఇంట్లో బురుజు ఆడియో క్యాసెట్టు ఉంటే పారేయకండి గానీ, అట్ట మీది మాట మాత్రం నమ్మకండి. కొట్టింది ఓబులేసు. పరుగెత్తించింది నేను.