చచ్చినవాళ్ళ కాళ్ళు పన్నెండు

"అమ్మా, ఇంతకీ మీ దయ్యానికి కాళ్ళెన్ని?"

అడిగింది ఫైరాఫీసరు. అడిగింది ప్లైవుడ్ గోడ అవతల నుంచి, ఎగ్జిబిషన్‌లోని భూతాల కొంపలో, ఆఖరి గదిలో చిక్కుకుని. గోడకు ఇవతల ఉన్న లెక్కలక్క, "ఎన్నున్నాయో లెక్కపెట్టడానికేగా సార్ మిమ్మల్ని లోపలికి పంపింది" అంది. పక్కనే ఉన్న ఆవిడ తమ్ముడు తల పట్టుకున్నాడు. ఆ కొంప అతనిది. లైసెన్సు మీద ఇంకా సంతకం కాలేదు.

లెక్కలక్క అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసింది. పోటీ పరీక్షల ప్రపంచం బహు చిన్నది. అందులో రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తుంటాయి, ఒక తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లుంటుంది, ఒక తొట్టిలోకి పైనుంచి నీళ్ళు పడుతుంటే కిందనుంచి కారిపోతుంటాయి. ఆ చిల్లు ఎవరూ పూడ్చరెందుకని ఎవరూ అడగరు. అడిగితే మార్కులు పోతాయి. ఒక చలికాలం, సెలవుల ముందు, ఆవిడకు తొట్టి మీద విసుగు పుట్టింది. పిల్లలకు సరదాగా ఉంటుందని తొట్టి తీసేసి సీసా పెట్టింది. నెత్తురు తాగే దయ్యాలు రెండు. పెద్దది ఒక్కతే తాగితే సీసా గంటలో ఖాళీ. చిన్నదానికి రెండు గంటలు. కలిసి తాగితే ఎంతసేపు?

జవాబు నలభై నిమిషాలు. ఉద్యోగం ఊడడానికి అంతసేపు కూడా పట్టలేదు.

"పిల్లలు భయపడుతున్నారని ఫోన్లొస్తున్నాయి మేడమ్" అన్నాడు డైరెక్టరు.

"దేనికి? లెక్కకా, దయ్యానికా?"

"దయ్యానికే."

"అయితే లెక్క మరీ తేలికైపోయినట్టుంది. మార్చి ఇస్తా."

ఆయన మార్చింది లెక్కను కాదు, మనిషిని.

తమ్ముడు ఏటా చలికాలం ఎగ్జిబిషన్‌లో భూతాల కొంప పెడతాడు. మూడు చీకటి గదులు, ఎర్ర బల్బులు, వడ్రంగి చెక్కిన అస్థిపంజరాలు, ఏడుపు వినిపించే స్పీకరు. కొన్నేళ్ళుగా ఎవరూ జడుసుకోవడం లేదు. ఒక చిన్నపిల్ల అస్థిపంజరం చెయ్యి పట్టుకుని ఊపి, "నాన్నా, పాపం దీనికి అన్నం పెట్టరా?" అని అడిగింది. ఈసారి కూడా నష్టమొస్తే ఆ జాగా జెయింట్ వీల్ వాళ్ళకు ఇచ్చేస్తామని కమిటీ చెప్పేసింది. అప్పుడు అక్క ఖాళీగా ఉంది. ప్రతి గది చివరా తలుపు పెట్టించి, తలుపుకు నంబరు తాళం వేయించింది. పక్కన బోర్డు మీద ఒక లెక్క. జవాబు తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. తిప్పలేకపోతే వచ్చినదారినే, క్యూలో ఉన్నవాళ్ళ మొహాలు చూసుకుంటూ, వెనక్కి నడవాలి.

పిల్లల్లో లెక్కలంటే ఉన్న భయం పోగొట్టాలని పెద్దలు మైకుల ముందు చెబుతుంటారు, చెప్పి టీ తాగి వెళ్ళిపోతారు. లెక్కలక్క ఆ భయాన్ని ఉన్నదున్నట్టుగా టిక్కెట్టు పెట్టి అమ్మింది. మొదటి గదిలో దయ్యాలు రోజూ రెట్టింపవుతాయి, పన్నెండో రోజుకు శ్మశానం నిండిపోతుంది. సగం నిండింది ఏ రోజు? సూటూ బూటూ వేసుకున్నవాళ్ళు ధీమాగా ఆరు తిప్పేవాళ్ళు. తాళం కదిలేది కాదు. పదకొండు అని పక్కనున్న పిల్లలు అరిచేవాళ్ళు. అస్థిపంజరానికి నవ్విన పెద్దమనుషులకు పిల్లల ముందు చెమటలు పట్టేవి. క్యూ పెరిగింది. తమ్ముడు పొద్దున్నే పాటలు పాడుకుంటున్నాడని మరదలు ఫిర్యాదు కూడా చేసింది. ఇక అక్క సంగతి. ఆవిడ లెక్కలు చదివేవాళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడా లేరు, ఆ మూడు గదుల్లో తప్ప. కొంప మూతపడితే అవీ పోతాయి.

మూడో గది బోర్డు మీద ఒకే వాక్యం ఉండేది: ఈ గదిలో చచ్చినవాళ్ళ కాళ్ళు మొత్తం ఎన్ని? గదిలో ఆరు అస్థిపంజరాలు, మూలన దుప్పటి కప్పుకున్న దయ్యం ఒకటి. అందరూ పద్నాలుగు తిప్పేవాళ్ళు. దుప్పటి కిందికి వంగి చూస్తే రబ్బరు చెప్పుల్లో రెండు కాళ్ళు కదులుతుండేవి. అవి తమ్ముడి దగ్గర సాయంత్రాలు పనిచేసే వెల్డరువి. వాడు బతికే ఉన్నాడు, వాడి కాళ్ళు లెక్కలోకి రావు. జవాబు పన్నెండు. తను కట్టిన లెక్కలన్నిటిలో ఆవిడకు ఇదే ముద్దు.

ఫైరాఫీసరు తనిఖీకి వచ్చింది మూడో రోజు. "తలుపులకు తాళాలేంటయ్యా?" అన్నాడు. తమ్ముడు తడబడుతుంటే అక్క అందుకుంది. "లోపలికెళ్ళి చూడండి సార్. మీకైతే అయిదు నిమిషాలు." ఆ మాటతో ఆయన పడిపోయాడు. మొదటి రెండు గదులు చకచకా దాటేశాడు కూడా. మూడో దాంట్లో ఆగిపోయాడు.

"పద్నాలుగు తిప్పాను. తెరుచుకోవట్లేదు."

"పద్నాలుగు కాదు కాబట్టి."

"చూడమ్మా, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని లెక్కపెట్టా."

"దుప్పటి కింద చూశారా?"

"చూశా. రెండు కాళ్ళు."

"అవి చచ్చినవాడివి కావు సార్."

"చచ్చి చాలా కాలమైనట్టుందమ్మా!"

తమ్ముడు గోడకు నోరు ఆనించాడు. "సార్, పన్నెండు తిప్పేయండి సార్, బయటికొచ్చేస్తారు."

"పద్నాలుగుంటే పన్నెండెందుకు తిప్పాలయ్యా? తప్పు జవాబు చెప్పి బయటపడే ఖర్మ నాకు లేదు."

"పోనీ వెనక్కి వచ్చేయండి."

"ఎందుకు రావాలి? నా లెక్క కరెక్టు."

"అక్కా, దణ్ణం పెడతా, పద్నాలుగని ఒప్పుకోవే!" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి.

"పన్నెండుంటే పద్నాలుగని ఎలా ఒప్పుకోనురా?"

క్యూలో వాళ్ళు ఈలలు మొదలుపెట్టారు. ఆయన బయటికి రాడు, ఈవిడ తగ్గదు. నిప్పంటుకుంటే ఈ ఇద్దరూ మాడిపోయేదాకా కాళ్ళ గురించే మాట్లాడుకునేలా ఉన్నారు. చివరికి అక్కే టార్చి తీసుకుని, రెండు గదులూ దాటుకుని లోపలికి నడిచింది. ఆయన కళ్ళముందే లెక్కపెట్టి చూపించి సిగ్గుపడేలా చెయ్యాలని ఆవిడ ఉద్దేశం.

ఆరు అస్థిపంజరాలు. పన్నెండు. వెళ్ళి మూలన ఉన్న దుప్పటి ఎత్తింది. లోపల వెల్డరు లేడు. ఏడో అస్థిపంజరం, కొత్త వార్నిషు వాసన కొడుతూ, ఆవిణ్ణి చూసి ఇకిలిస్తోంది.

వెల్డరుకి ఆ రోజు జ్వరం. మూల బోసిగా ఉంటే ఆఫీసరుగారికి బాగోదని వడ్రంగి తన దగ్గరున్న కొత్తదాన్ని తెచ్చి, దుప్పటి కప్పి పోయాడు. ఎవరితోనూ అనలేదు. ఎందుకంటాడు? బొమ్మ పెట్టడం అతని పని, లెక్క ఆవిడ పని. అందరి లెక్కలూ రెండుసార్లు సరిచూసే మనిషి, తన గదిని ఆ పూట ఒక్కసారి కూడా తొంగిచూడలేదు.

"పద్నాలుగే" అంది.

"గట్టిగా చెప్పండి, బయటికి వినిపించాలి."

"పద్నాలుగు!" అని అరిచింది. బయట చప్పట్లు.

కొప్పులోంచి పిన్ను తీసి తాళం నంబరు మార్చింది. ఆయన దర్జాగా పద్నాలుగు తిప్పి, తలుపు తీసుకుని, జనం మధ్యకు పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. తమ్ముడు పెన్ను చేతికిచ్చాడు. ఆయన రాసింది చదివి తమ్ముడి మొహం మాడిపోయింది: లెక్కతో పనిలేకుండా తెరుచుకునే తలుపు పెట్టేవరకు మూసివేయాలి.

"గెలిచారుగా సార్!"

"గెలవడం వేరు, సంతకం వేరు."

"ఊరికే తెరుచుకునే తలుపుంటే ఇక ఎవడు కూడతాడు సార్?" అంది అక్క. ఆ రోజు మొదటిసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు.

"తగలబడుతుంటే ఎవడూ కూడడమ్మా."

మర్నాడు పొద్దున వడ్రంగి వచ్చి మూడో గది గోడ కోసి, తోస్తే చాలు తెరుచుకునే తలుపు బిగించాడు. పైన 'అత్యవసర ద్వారం' అని ఎర్రక్షరాలతో రాయాలి, అది రూలు. ఆవిడ కింద ఇంకో లైను తన చేత్తో రాసింది: 'లెక్కలు రానివాళ్ళు కూడా ఇటే.' తమ్ముడు వద్దు మొర్రో అన్నాడు. మళ్ళీ తనిఖీకి వచ్చిన ఆఫీసరు అది చదివి, మీసం కింద నవ్వుకుని, "కింద ఏం రాయకూడదని రూల్లో లేదు" అంటూ సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం లెక్కలక్క గోడకు చెవి ఆనించి నిలబడింది. మొదట వచ్చిన కుటుంబం చాలాసేపు లెక్కపెట్టింది. "నాన్నా, ఈ తలుపు తోసేద్దాం" అన్నాడు కొడుకు. "నోర్ముయ్, అది మనకి కాదు" అన్నాడు తండ్రి, మళ్ళీ మొదటి అస్థిపంజరం దగ్గరికి నడుస్తూ. ఆ తర్వాత వచ్చినవాళ్ళదీ అదే వరస. మనిషి పొగరు మీద ఆవిడకున్న నమ్మకం వమ్ము కాలేదు. చంకలో పసిబిడ్డతో ఉన్న ఒకావిడ మాత్రం బోర్డు చదివి, "నాకు రావు తల్లీ, పైగా ఆకలేస్తోంది" అని తలుపు తోసుకుని వచ్చేసింది. లెక్కలక్క ఎదురెళ్ళి ఆవిడకి దారి చూపించింది.

సీజను నష్టం లేకుండా గడిచింది. జాగా పోలేదు, లెక్కలూ పోలేదు. జ్వరం తగ్గి వెల్డరు దుప్పట్లోకి తిరిగొచ్చాడు, తాళం నంబరు మళ్ళీ పన్నెండైంది. అయినా టిక్కెట్లు మొదలయ్యేముందు ఆవిడ రోజూ టార్చితో వెళ్ళి వాడి కాళ్ళు గిల్లి చూసేది.

కొత్త తలుపు డబ్బు అక్క ఇవ్వాలని తమ్ముడు, తమ్ముడు ఇవ్వాలని అక్క అంటారు. వడ్రంగికి తొమ్మిది వందలు ఇంకా రావాలి.