మిద్దె మీది పుంగనూరు పెయ్య

మదనపల్లెలో నా ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా కుక్కలు, తర్వాత పిల్లులు, ఎప్పుడైనా ఒక కుందేలు. పాలూ బ్రెడ్డూ తిని పీపాల్లా తయారైన లాబ్రడార్లను తూకం మీదికి ఎక్కించడం నా రోజువారీ పని. "ఇది అసలేమీ తినదు మేడం" అని చెప్పేవాళ్ల చేతిలో బిస్కెట్ పొట్లం కనబడుతూనే ఉంటుంది. మాది పెద్దమండ్యం దగ్గర పల్లె. అమ్మా నాన్నా చెనక్కాయల కూలికి పోయేవాళ్లు, మాకు సొంత పశువంటూ ఎప్పుడూ లేదు. పశువైద్యం చదివినా టౌనులో గిరాకీ పెంపుడు కుక్కలదే కాబట్టి నేను కుక్కల డాక్టరునయ్యాను. అందుకే ఆ మధ్యాహ్నం ఒక కారు వెనక సీట్లోంచి ఆవుదూడ తల బయటపెట్టి నా బోర్డు వైపు చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది, కొంచెం గుబులు కూడా పుట్టింది.

కారులో వచ్చింది కుప్పం దంపతులు. ఆయన రైల్వేలో ఉద్యోగి, ఆమె హైస్కూలు టీచరు. వాళ్ల బంధువుల కుక్కకు నేను వైద్యం చేశాను, ఆ పరిచయంతో అంత దూరం వచ్చారు. దూడ పుంగనూరు జాతి పెయ్య. ఏడు నెలల వయసట, నా మోకాలి కంటే కాస్త ఎత్తు. పుంగనూరులో ఒక రైతు దగ్గర కొని, ఎత్తుకుని వెళ్లి, కుప్పంలో వాళ్లుండే పైఅంతస్తు హాల్లో పెంచుకుంటున్నారు. నెల రోజుల నుంచి అది కర్టెన్లు తింటోంది, చెప్పులు నములుతోంది, గోడకున్న సున్నం నాకుతోంది. పోయిన వారం టీచరమ్మ దిద్దడానికి తెచ్చుకున్న ఎనిమిదో తరగతి సోషల్ జవాబు పత్రాల్లో సగం కట్ట తినేసింది. ఆ సంగతి హెడ్మాస్టరుకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు సెలవు పెట్టానని ఆమె దిగులుగా చెబుతుంటే, నేను దూడ వైపు తిరిగి స్టెతస్కోపు సర్దుకుంటూ నవ్వు దాచుకున్నాను.

ఎడమ డొక్క డోలులా బిగిసి ఉంది. పేడ పలుచగా, పుల్లటి వాసన. ఏం పెడుతున్నారని అడిగితే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బిస్కెట్లు, పడుకునే ముందు చక్కెర కలిపిన పాలు అని వరసగా చెప్పారు. గడ్డి మాటేమిటంటే, టైల్స్ మీద చెత్త పడుతుందని వారానికి రెండుసార్లే వేస్తారట.

"మేము తినేదే పెడతాండాం మేడం," అంది టీచరమ్మ. "దానికి ఒగటి, మాకు ఒగటి అని ఏ పొద్దూ సూడలేదు."

ఆ మాటలో ఉన్న ప్రేమను తప్పు పట్టలేకపోయాను. ఆవు కడుపులో ఎడమవైపు ఉండే పెద్ద సంచి గురించి వాళ్లకు నెమ్మదిగా చెప్పాను. గడ్డి అక్కడ నానుతుంది, పులుస్తుంది, తిరిగి నోట్లోకి వచ్చి నెమరుగా నలుగుతుంది. ఆ పని చేసే కంటికి కనబడని జీవులు గడ్డి కోసమే కాచుకుని ఉంటాయి. వాటికి అన్నమూ చక్కెరా పోస్తే ఎండాకాలంలో మూతపెట్టి మరిచిపోయిన ఇడ్లీ పిండిలా లోపలంతా పొంగిపోతుంది. పీచు చాలక, ఉప్పూ ఖనిజాలూ అందక, అవి ఎక్కడ దొరుకుతాయా అని దూడ కాగితాలూ గుడ్డలూ నములుతుంది. గుడ్డపీలికలు లోపల అడ్డం పడితే ప్రాణానికే ముప్పు.

తినేసోడా నీళ్లలో కలిపి తాగించాను. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు రాశాను. వరిగడ్డి, రాగిచొప్ప, రోజూ పచ్చిమేత, కొలతగా ఖనిజాల పొడి, నాకడానికి ఉప్పుగడ్డ అని రాసి, అన్నం ఇడ్లీలకు ఎదురుగా పెద్ద అడ్డగీత గీశాను. పావుగంట తర్వాత దూడ ఒక పెద్ద తేన్పు తేన్చింది. రైల్వే ఆయన ఆ వాసనకు వెనక్కి జరిగి, తర్వాత దాని నుదురు మీద ముద్దు పెట్టుకున్నాడు.

రెండు వారాలకు ఆయనే ఫోన్ చేశాడు. పేడ గట్టిపడింది, డొక్క తగ్గింది, నెమరు వేస్తోంది. కానీ వాళ్లిద్దరూ పనికి పోగానే అరవడం మొదలుపెట్టి, తిరిగి వచ్చేదాకా ఆపడం లేదట. పక్కింటివాళ్లు మొదట నవ్వారు, ఇప్పుడు నవ్వడం లేదు. గుడ్డలు నమలడం కూడా పూర్తిగా మానలేదు. తిరిగి ఇచ్చేద్దామా అని ఇంట్లో అనుకుంటున్నారని చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది. ఆదివారం వస్తాను, అంతవరకు ఏమీ చేయవద్దన్నాను.

కుప్పం దారిలో పుంగనూరు తగులుతుంది. దూడను అమ్మిన రైతు చిరునామా ముందే అడిగి పెట్టుకున్నాను కాబట్టి అక్కడ ఆగాను. ఆయన కొట్టంలో ఐదారు పొట్టి ఆవులున్నాయి. తెల్లగా, పొట్టి కాళ్లతో, పెద్దవాళ్ల వేషం వేసుకున్న చిన్నపిల్లల్లా నిలబడ్డాయి. కొట్టం మూలలో నాలుగు దూడలు ఒకదాని మీద ఒకటి తలలు పెట్టుకుని కుప్పగా పడుకున్నాయి. అంత జాగా ఉండగా ఒకే మూలలో ఎందుకు ఇరుక్కున్నాయని అడిగాను.

"అవి అంతే మేడం, ఒగదాన్ని ఇడిసి ఒగటి ఉండవు," అన్నాడు రైతు. "ఆ సారుకు గూడా రెండు పట్టుకోని పొండి అని సెప్తి. మిద్దె మీద రెండు యాడ పెడతాము, ఒగటే సాలు అనిరి."

మిగిలిన దారంతా నా మీద నాకే కోపం. దూడ ఏం తింటోందని అంత వివరంగా అడిగినదాన్ని, ఎవరితో ఉంటోందని ఒక్క మాట అడగలేదు. కుక్క ఇంటి మనుషులను చూసుకుని బతికేస్తుంది. ఆవుకు మనుషులు సరిపోరు, పక్కన ఇంకొక జీవం ఊపిరి వినబడాలి. అది నేను చదువుకున్న సంగతే. ఆసుపత్రిలో పదేళ్లుగా కుక్కలను చూసీ చూసీ మరిచిపోయాను.

కుప్పంలో ఆ ఇంటి కింది వసారాలో ఒక అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రైల్వే ఆయన తల్లి. సొంతూరు గుడుపల్లె వైపు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక కింది గదిలోనే ఉంటుంది. నన్ను తేరిపార చూసి, పైకి పోయి చూసి రమ్మంది, పోయేటప్పుడు మాత్రం తనతో ఒక మాట మాట్లాడి పొమ్మంది.

పైన హాలు అద్దంలా తుడిచి ఉంది. ఆ నున్నటి టైల్స్ మీద దూడ ఆచితూచి అడుగులు వేస్తోంది. అరగడానికి నేల గరుకు లేక గిట్టలు పెరిగి ముందుకు సాగాయి. నన్ను ఒకసారి వాసన చూసి నేరుగా పడకగదిలోకి పోయింది. అక్కడ బీరువాకు నిలువుటద్దం ఉంది. దాని ముందు నిలబడి, లోపలి దూడ ముఖాన్ని మెల్లగా నాకింది. అద్దం మీద ఆవిరి పట్టి ఆ దూడ మాయమైతే ఆగి, మళ్లీ కనబడగానే మళ్లీ నాకింది.

"రోజూ ఇంతే మేడం. అద్దం తుడవలేక సస్తాండా," అంది టీచరమ్మ. నేను దాని వైపే చూస్తుంటే ఆమె కూడా చూసింది. కాసేపటికి పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. నేను చెప్పాల్సింది ఇక పెద్దగా మిగల్లేదు.

తోడు కావాలన్నాను. ఇంకొక దూడా అని రైల్వే ఆయన హాలు నాలుగు వైపులా చూశాడు. ముగ్గురం కిందికి దిగి వచ్చాం, ఆయన దూడను చంకన వేసుకుని. వసారా మట్టి మీద దించగానే అది గిట్టతో నేలను గీరి చూసింది. అవ్వ చెయ్యి చాపింది. దూడ పోయి ఆ అరచేతిలో మూతి పెట్టింది.

తోడు మాట అవ్వకు చెప్పాను. ఆమె దాని మెడ కింది తోలు నిమురుతూ విన్నది.

"పైన అది అరుస్తా ఉంటే ఈడ నా పానం నిలిసేది కాదు," అంది. "మందతో పుట్టిన జీవం అమ్మా అది. ఒంటిగా ఎట్ల ఉంటాది? రెండో దూడ వద్దు. మా ఊర్లో నా తమ్మునింట్లో మేకలుండాయి. ఒగ మేకపిల్లను తెచ్చి పక్కన కట్టండి, సాలు."

ఇంత తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని కొడుకు అడిగాడు.

"ఒగసారి సెప్తినప్పా. డాక్టరు సూస్తాదిలే, నువ్వు రెస్టు తీసుకో అంటివి. తీసుకుంటాండా."

టీచరమ్మ నవ్వింది, ఆయనా నవ్వాడు. డాక్టరు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

ఆ మధ్యాహ్నమే అందరం గుడుపల్లె వైపు పోయాం. అవ్వ తమ్ముడి మందలోంచి నల్లటి మేకపిల్లను ఆమే ఎంచింది. కళ్ల కింది తోలు లాగి ఎరుపు చూసింది, తోక కింద శుభ్రంగా ఉందో లేదో చూసింది, చెవి దగ్గర చప్పట్లు కొట్టి ఉలిక్కిపడుతుందా అని చూసింది. నేను పరీక్ష చేసినా అవే చూసేదాన్ని. టీకాలు, నట్టల మందు నా వంతు. తర్వాతి వారంలో కింద పెరట్లో ఉన్న స్టోరు రూమును ఖాళీ చేసి, రేకుల నీడ వేసి, నేల మట్టిదే ఉంచారు. గిట్టలు నేనే కత్తిరించాను. మొదటి రెండు రోజులు మేకపిల్ల దూరంగా ఉందట. మూడో రోజు దూడ వీపు మీద ఎక్కి నిలబడిందని టీచరమ్మ ఫొటో పంపింది. అరుపు ఆగిపోయింది. అరుపు లేకపోతే ఏదో వెలితిగా ఉందని పక్కింటామె అన్నదట.

మూడు నెలల తర్వాత టీకా వేయడానికి మళ్లీ పోయాను. వసారాలో అవ్వ లేదు. ఊరి చివర బీడులో ఉందని చెబితే అటు నడిచాను. రెండింటినీ తోలుకుని పొద్దునా సాయంత్రం అక్కడికి పోతోందట. మోకాళ్లు పూర్తిగా నయం కాలేదు, చేతిలో కర్ర ఉంది, అయినా ఆగి ఆగి నడుస్తోంది. నన్ను చూసి రాగి సంగటి తిని పొమ్మంది.

మేకపిల్ల ఒక బండ మీదికి ఎక్కింది. దాన్ని చూసిన దూడ ఒక్క క్షణం ఆగి, తోక నిటారుగా పైకెత్తి, వంకరటింకరగా బీడు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు తీసింది. వెనక్కాళ్లు గాల్లోకి విసిరింది, తిరిగింది, మళ్లీ పరుగెత్తింది. ఇన్నేళ్లలో ఎన్నో జీవాలు నా చేతిలో కోలుకున్నాయి గానీ అంత సంతోషంగా పరుగెత్తిన దాన్ని నేను చూడలేదు.

"దీన్ని పట్టుకోని టీకా ఎట్ల ఏస్తావో ఏసుకో డాక్టరమ్మా," అని అవ్వ కర్ర పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. నేను చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని దూడ వెనక పరుగెత్తాను.