చావింట ప్రీమియం అడిగిన మామ

మా వీధివాళ్ళందరం ఇన్షూరెన్సు మామ అని పిలుచుకునే మనిషి పోయిన శనివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. పొయ్యిమీద పాలు పెట్టి ఉన్నాను. ఆయన కూతురు ఫోను చేసి, "అక్కా, నాయన లేయలేదు" అంది. పాలు పొంగి గట్టంతా పారాయి. నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాను.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. దుఃఖం ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నా ఫోను కూడా నన్ను నిలవనీయలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మామ సంగతి చెప్పాలి.

మామ మాకు చుట్టం కాడు. ముత్తియాల్‌పేటలో మా వెనక వీధి ఆయనది. ఎప్పుడో తాతల కాలంలో పుదుచ్చేరి చేరిన తెలుగు ఇళ్ళు మావి. ఇక్కడ ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరూ ఆరా తీయరు, నోటికొచ్చిన వరస పెట్టి పిలుస్తారు. ఆయన ఇళ్ళకు ఇన్షూరెన్సు చేయించే ఏజెంటు. ఏటా ఇంత అని ప్రీమియం కడితే, గాలికో వానకో నిప్పుకో ఇల్లు దెబ్బతిన్నప్పుడు కంపెనీ డబ్బిస్తుంది. "ఇల్లు యాడికి పోతాది మామా?" అని నవ్వేవాళ్ళ మధ్య మోపెడ్ మీద తిరిగి, గడువు రాగానే తలుపు తట్టి వసూలు చేసుకుని, కంపెనీలో కట్టి రసీదు తెచ్చి చేతికిచ్చేవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు గాని ఒక్క అక్షరం చదవలేడు, రాసేదంతా తమిళమే. ఇప్పుడు నేను రాస్తున్న ఇది కూడా, ఆయన బతికుంటే నేనే చదివి వినిపించాలి. మధ్యలో "అట్ల కాదు మా, నువ్వు కలిపి చెప్తాండావు" అని తప్పకుండా అడ్డం తగిలేవాడు.

ఆడవాళ్ళను పాలసీలో ఉన్న పేరుతో పిలవడం ఆయన అలవాటు. మా అమ్మను ఊరంతా ఫలానా వాళ్ళ అమ్మ అనో, ఫలానాయన పెండ్లాం అనో అంటే, మామ మాత్రం గుమ్మంలో నిలబడి "ఆర్. సరోజమ్మా" అని ఇంటిపేరు అక్షరంతో సహా పిలిచేవాడు. అమ్మ చెంగు సర్దుకుని మరీ బయటికొచ్చేది. ఆ పిలుపు వినడానికే ఆమె ప్రీమియం కడుతోందని నాన్న ఎగతాళి చేసేవాడు.

చాలా ఏళ్ళ కిందట, నాన్న చనిపోయిన కార్తీకమాసంలో, మామ మాకు కొడుకు చేయాల్సిన పనులన్నీ చేశాడు. అరిటాకులు తెచ్చాడు, బంధువులకు కాఫీ ఏర్పాటు చూశాడు, సాయంత్రాలు అమ్మకు తోడుగా కూర్చున్నాడు. సరిగ్గా ఆ దినాల్లోనే మా ఇంటి పాలసీ గడువు తీరింది. ఆయనకు తెలుసు. రోజూ వచ్చాడు, రోజూ అడగకుండా వెళ్ళాడు. మైల ఉన్న ఇంట్లో డబ్బు మాట ఎత్తకూడదు, కర్మ అయ్యేదాకా ఆ ఇంటినుంచి పైసా పుచ్చుకోకూడదు. మాలో అది రాయని చట్టం. అమ్మకు ఆ గడువు గుర్తే లేదు, నాకసలు తెలియదు.

కర్మ కాకముందే తుఫాను వచ్చింది. వెనకవైపు వంటింటి గోడ పడిపోయింది, పెంకులన్నీ పక్కింటి పెరట్లో తేలాయి. కర్మ అయ్యాక డబ్బు కోసం వెళ్ళిన కంపెనీ ఆఫీసులో మేము కూర్చుని ఉంటే, మామ నిలబడే ఉన్నాడు.

"వీళ్ళు ఎగ్గొట్టలేదు సార్. నేనే అడగలేదు. చావింట్లో పోయి డబ్బు ఎట్లా అడిగేది?" అన్నాడు.

ఆ అధికారి చెడ్డవాడేం కాదు. "మీరు చేసింది మర్యాదే అయ్యా. ప్రీమియం రాకపోతే మాత్రం పాలసీ లేనట్టే. నేనేం చెయ్యలేను" అన్నాడు.

అమ్మ గాజులు అమ్మి గోడ కట్టించాం. అమ్మ మామను ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. అనుంటే ఆయనకు తేలికయ్యేదేమో. గోడ లేచినన్నాళ్ళూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బకెట్టుతో గోడకు నీళ్ళు కొట్టేవాడు. "చాల్లే అన్నా, మేస్త్రీ కొట్టుకుంటాడు" అని అమ్మ చెప్పినా వినేవాడు కాదు. నీళ్ళు కొట్టడం అయిపోయాక ఒకరోజు, "గాలికి మైల లేదు సరోజమ్మా. ఇన్నేండ్లు తిరిగినా అది నాకు తట్టలేదు" అన్నాడు.

ఆ తర్వాత మామ మారిపోయాడు. మెత్తటి మనిషి, ఊరు ముక్కున వేలేసుకునే మనిషి అయ్యాడు. చావు జరిగిన ఇంటి పాలసీ గడువు దగ్గర పడితే, అక్కడికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి అడిగేసేవాడు. "ముందు ఇది అడగనీ మా. అడిగినంక లోపలికొచ్చి ఏడుస్తా" అనేవాడు. నిజంగానే వచ్చి ఏడ్చేవాడు కూడా. అది ఎవరికీ గుర్తుండేది కాదు, అడగడమే గుర్తుండేది. రెడ్డియార్‌పాళయంలో ఒక వ్యాపారి పోతే ఈయన వెళ్ళి అడిగాడు. పోయినాయన తమ్ముడు భుజం పట్టి గేటు బయటికి నెట్టి, "పీనుగ లేయకముందే వచ్చేసినాడు చూడు రాబందు" అన్నాడట. మామ మా ఇంటికొచ్చి మజ్జిగ తాగుతూ ఆ సంగతి చెప్పాడు.

"ఎందుకు మామా నీకీ తిట్లు?" అన్నాను కోపంగా. నాకు కోపం తొందరగా వస్తుంది.

"తిట్టితే తిట్టనీలే. ఆయన కోపం నామీద తీరిపోతాది, ఇల్లు మాత్రం ఉంటాది" అన్నాడు. మరో గ్లాసు మజ్జిగ అడిగాడు.

కొందరు ఆయన దగ్గర పాలసీలు మానేశారు. పెళ్ళిళ్ళకు పిలవడం తగ్గించారు. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది అత్త, ఆయన భార్య. పూల అంగడి దగ్గర ఎవరో ఆడమనిషి, "మీ ఆయనకు చావు వాసన బాగా తెలుస్తాదే" అని నవ్విందట. ఆ రాత్రి అత్త ఆయనకు అన్నం పెట్టి, పక్కన కూర్చోకుండా వెళ్ళిపోయింది. చాలాకాలం వాళ్ళిద్దరి మధ్య మాటలు అవసరానికి మాత్రమే నడిచాయి. "నాకు ఈ ఊర్లో తలెత్తుకునే దారి లేకుండా చేసినాడు మీ మామ" అని నాతోనే ఎన్నోసార్లు అంది.

ఇక నా ఫోను సంగతి. మామది బటన్ల ఫోను. కంపెనీ మెసేజీలన్నీ ఇప్పుడు ఫోనుకే వస్తాయి, డబ్బు కూడా ఫోనులోనే కట్టాలి. తన సొంత ఇంటి పాలసీకి నా నంబరు ఇచ్చాడు. "నీది పెద్ద ఫోను, దాంట్లో పడనీ" అన్నాడు. ఏటా గడువుకు ముందే డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టి, నేను కట్టేదాకా పక్కనే నిలబడేవాడు. నా డబ్బుతో ముందు కట్టేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎవురింటికి వాళ్ళే కట్టాల. అప్పుడే గుర్తుంటాది" అనేవాడు.

ఆయన శవం పక్కన నేను కూర్చుని ఉండగా మొదటి మెసేజీ వచ్చింది. మీ పాలసీ గడువు ముగియనుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. వార్తల్లో అల్పపీడనం అంటున్నారు. సముద్రం ఒడ్డున వైతికుప్పంలో పడవలు పైకి లాగుతున్నారని మా పనిమనిషి చెప్పింది. మామ ఇంటి వెనక గది పాత పెంకులది, ఒక్క గాలికి ఆగదు. నేను రోజూ ఆ ఇంటికి వెళ్తాను, అత్త పక్కన కూర్చుంటాను, లేస్తాను, మంచినీళ్ళు తాగుతాను, మళ్ళీ కూర్చుంటాను. ఫోను చేతిలో మోగుతుంది. నోరు రాదు. ఆయన చేసిన ఏ పనిని తలచుకుని ఆమె సిగ్గుపడిందో, ఆ పనే ఆయన చావింట్లో నేను ఎలా చెయ్యాలి? పోనీ నేనే కట్టేద్దామని ఒకసారి వంటింట్లోకి వెళ్ళి పాలసీ నంబరు కూడా నొక్కాను. ఎవరింటికి వాళ్ళే కట్టాలన్న మాట గుర్తొచ్చి ఆపేశాను. ఇన్నేళ్ళు అన్ని గుమ్మాల్లో ఆయన నోరెలా తెరిచాడో ఆ వారమే నాకు అర్థమైంది. మామా, నువ్వు రాబందువి కాదు. ఆ మాట నీకు ఒక్కసారన్నా చెప్పుండాల్సింది.

నిన్నటితో గడువు ఆఖరు. మధ్యాహ్నానికి ఆకాశం మూసుకుపోయింది. హాలులో ఆడవాళ్ళు నిండుగా ఉన్నారు. అత్త గోడకానుకుని కూర్చుంది. మామ పోయిన రోజునుంచి కన్నీటి చుక్క రాలేదని అందరూ గుసగుసలాడుతున్నారు. నేను ఆమె ముందు కూలబడి చెప్పేశాను.

"అత్తా, ఇంటి ఇన్షూరెన్సు ఈరోజుతో అయిపోతాది. డబ్బు కట్టాల."

మామ చెల్లెలు వెంటనే అందుకుంది. "ఏంది మా ఇది? కర్మ కూడా కాలేదే. ఈ మాట ఇప్పుడా?"

నా చెవులు కాలిపోయాయి. లేచి పోదామనుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"దినామూ చూస్తాండా, ఎవురన్నా వచ్చి అడగతారా అని" అంది. "ఆయన పోయినాడు. ఊరంతా మర్యాదస్తులైపోయినారు."

మామ చెల్లెలు తల దించుకుంది. అత్త కూతుర్ని పిలిచి బీరువా తాళం ఇచ్చింది. కూతురు తెచ్చిన డబ్బు తానే అందుకుని, తన చేత్తో నా చేతిలో పెట్టింది.

ఆ ఇంటి లోపల సిగ్నలు సరిగా ఉండదు, మెసేజీలు వస్తాయి గాని డబ్బు పోదు. వీధిలోకి వచ్చాను. చినుకులు మొదలయ్యాయి. తడి వేలికి తెర పలకడం లేదు, చీరకు తుడుచుకుని మళ్ళీ నొక్కాను. వెనక గేటు చప్పుడైంది. కర్మ కాకుండా వీధి గడప దాటకూడని మనిషి, అత్త, వానలో గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలినుంచి ఎవరో పిలుస్తున్నారు.

"కట్టినావా?" అంది.

"కట్టినా అత్తా."

"రసీదు?"

ఫోను తిప్పి చూపించాను. కళ్ళద్దాలు లేవు, ఆమెకు కనిపించి ఉండదు. తల ఊపింది. అయినా లోపలికి వెళ్ళలేదు. కొంగు తలమీదకు లాక్కుని, మామ మోపెడ్ రోజూ వచ్చే వైపు వీధి చివర దాకా చూస్తూ, వానలో అక్కడే నిలబడి ఏడ్చింది.