చుట్టం వచ్చాడు

కొండ మీద కూర్చుని సముద్రాన్ని చూడటం డేగక్క ఉద్యోగం. వినడానికి ఎంత హాయిగా ఉందో! "కూర్చోబెట్టి జీతమిస్తున్నారు, నీదే అదృష్టం తల్లీ" అని కింద కొట్లవాళ్లు దెప్పేవారు. వాళ్లకేం తెలుసు? రేకుల కప్పు కింద, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రెప్ప వేయకుండా నీళ్లకేసి చూస్తే సాయంత్రానికి కళ్లలో కారం కొట్టినట్టుండేది. నల్లగా కనబడిందల్లా సొరచేప కాదు మరి. నాచైతే ఉన్నచోటే ఊగుతుంది. మబ్బు నీడైతే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. సొర మాత్రం ఎవరి మాటా వినని పెద్దమనిషిలా తన దారిన తాను పోతుంది. ఆ తేడా పట్టగానే వైర్‌లెస్ సెట్లో కిందికి చెప్పాలి. కింద జెండా దిమ్మ దగ్గరున్న మనిషి సైరన్ నొక్కితే ఈదేవాళ్లంతా ఒడ్డుకొచ్చేస్తారు. ఆ కింది మనిషి ఆమె సొంత తమ్ముడే.

తమ్ముడు మంచివాడే గానీ నోరు ఊరుకోదు. చావింటికెళ్లినా ఎవరో ఒకరిని నవ్వించకుండా వచ్చే రకం కాదు.

మొదట్లో ఆమె "సొర" అనే చెప్పేది. ఓ ఆదివారం ఆ మాట సెట్లోంచి గట్టిగా వినపడి పక్కవాళ్ల చెవిన పడింది. ఇంకేముంది, సైరన్ మోగేలోపే జనం ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటూ పరుగెత్తారు. ఓ ముసలావిడ తుంటి విరిగింది. తీరం మేనేజరు అక్కాతమ్ముళ్లని పిలిచి చెడామడా తిట్టాడు. "ఆ మాట ఇంక మీ నోట వినపడకూడదు. మీ ఇద్దరికే తెలిసేలా ఇంకేదైనా పేరు పెట్టుకు చావండి" అన్నాడు.

"చుట్టం అందామక్కా" అన్నాడు తమ్ముడు అక్కడికక్కడే. "చెప్పాపెట్టకుండా వస్తాడు. ఎప్పుడు పోతాడో తెలీదు. వచ్చినవాడు ఏదో ఒకటి తినకుండా కదలడు."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అంత కోపంలోనూ మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అలా ఏళ్లు గడిచాయి. "చుట్టం వచ్చాడు" అంటే సైరన్ మోగేది, "చుట్టం వెళ్లిపోయాడు" అంటే ఎర్రజెండా దిగేది. ఇద్దరికీ నాలుక ఆ మాటకి అలవాటుపడిపోయింది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కూడా సొర అనేవారు కాదు.

అలాంటి రోజుల్లో బావ వచ్చాడు. బావంటే పెద్దక్క మొగుడు, వడ్రంగి. అమ్మానాన్నా పోయాక ఈ ఇద్దరినీ తన ఇంట్లో పెట్టుకుని పెంచిన మనిషి. గడ్డం కింద అరచెయ్యి ఆనించి ఇద్దరికీ ఈత నేర్పిందీ ఆయనే. డేగక్క ఇంటి వీధి తలుపు పడటం లేదని తెలిసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే దిగాడు. సంచీ వాకిట్లో పడేసి, ముందు తమ్ముణ్ణి చూసొస్తానని తీరానికి నడిచాడు.

కొండమీద సెట్టు గరగరమంది. "అక్కా! చుట్టం వచ్చాడు!"

ఆమె దుర్భిణీ లాక్కుని నీళ్లన్నీ వెతికింది. సెట్లోంచి కిసుక్కున నవ్వు వినపడింది. "నీళ్లలో కాదే, నా పక్కనే ఉన్నాడు. బావ!"

"నీ నోరు పడిపోనూ! ఆ మాటతో పరాచికాలేంట్రా?" అని కసిరింది. కసిరిందే గాని, ఆమెకీ నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి బావ చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. అందరికంటే దూరం ఈదటం ఆయనకి పాత సరదా. పైనుంచి ఆమె ఆ నెరిసిన తలని గర్వంగా చూస్తూనే ఉంది. అప్పుడే రాళ్ల పక్కనుంచి ఒక నలుపు బయల్దేరింది. గాలికి ఎదురుగా వస్తోంది. ఇంక అనుమానమే లేదు.

సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది. "తమ్ముడూ, చుట్టం వచ్చాడు!"

"చూశాలే అక్కా" అన్నాడు వాడు నింపాదిగా. "అదిగో, ఈదుతున్నాడుగా. ఈ వయసులో కూడా ఏం ఈతే బాబూ!"

"అది కాదురా! చుట్టం! చుట్టం రా!"

"అబ్బ, పొద్దున నేను ఆడించానని ఇప్పుడు నువ్వు మొదలెట్టావా?"

ఏం ఖర్మో చూడండి. అసలు మాట ఆమె గొంతులోనే ఉంది, నోట్లోకి రాదు. చుట్టం, చుట్టం అని అదే మాట ఇంకా గట్టిగా అరిచింది. చివరికి "ఒరే, సొరరా!" అని కేక పెట్టేసరికి ఆ నలుపు బావ పక్కకే వచ్చేసింది. సైరన్ మోగింది. దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఒడ్డెక్కారు. నెరిసిన తల ఒకసారి మునిగి తేలింది, మళ్లీ తేలలేదు. నీళ్లు ఎరుపెక్కడం కొండమీదికి బాగా కనపడింది. అంతా ఆమె చూసింది. చూడటమే కదా ఆమె ఉద్యోగం.

ఆ తర్వాత తమ్ముడు నవ్వించడం మానేశాడు. నవ్వడం కూడా మానేశాడు. పనిముట్ల సంచీ పెద్దక్కకి పంపేశారు. వీధి తలుపు ఇప్పటికీ పడదు, రాత్రిళ్లు రాయి అడ్డం పెట్టుకుంటారు. ఆ ఇంట్లో చుట్టం అన్న మాట ఎవరూ అనరు. కొత్త మేనేజరొచ్చి ఆ పేరు తీసేయించాడు. తీసేయించడానికి ఏముంది, గాలికి పోయే మాట.

పెద్దక్క చాన్నాళ్లు వాళ్ల గడప తొక్కలేదు. ఒకరోజు చెప్పకుండా వచ్చి, ఇంటికి కాదు, నేరుగా కొండెక్కింది. ఆయాసపడుతూ బల్లమీద చెల్లెలి పక్కన కూర్చుంది. ఏమ్మా బాగున్నావా అని కూడా అడగలేదు. ఇద్దరూ నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు.

ఎండ వాలుతుండగా రాళ్ల దగ్గర నలుపు కదిలింది. డేగక్క సెట్టు అందుకుంది.

"సొర."

వెంటనే సైరన్ మోగింది. కింద పిల్లా పెద్దా అందరూ ఒడ్డుకి వచ్చేశారు. పెద్దక్క ఆ సెట్టుకేసే చూస్తోంది.

"ఇంతేనటే?" అంది. "రెండక్షరాలేనా?"

డేగక్క అక్క ముఖంకేసి తిరగలేకపోయింది. అది ఇంకా నీళ్లలోనే ఉంది, దాని మీంచి చూపు తీయకూడదు.